తప్పిన ముహూర్తము, పగిలిన పర్వతము

బాలిద్వీపమందలి హిందువులకు అగుంగ్ పర్వతము దేవతల నివాసము. దాని నైరుతి సానువున వెలసిన బెసకిహ్ ఆలయసముదాయము వారికి ప్రధానక్షేత్రము. లోకమును పట్టిన దోషములను బాపుటకై నూఱేండ్ల కొకమాఱు చేయదగిన ‘ఏకాదశరుద్ర’ మను మహాశాంతిని 1963లో నచ్చట తలపెట్టగా, 1843 పిమ్మట నిద్రించిన యా కొండ ఫిబ్రవరి 18న మేల్కొని పొగలు గ్రక్క నారంభించెను. అయినను క్రతువు నాపక, దున్నపోతులు మొదలు బాతుల వఱకు బలులిచ్చి, మార్చి 8న ప్రధానఘట్టమును నెరవేర్చిరి. తొమ్మిది దినములకు, మార్చి 17న, శిఖరము బ్రద్దలై, మండుచున్న బూడిదమేఘములు లోయల వెంట దిగివచ్చెను. ఆ యేటి విస్ఫోటములు వెయ్యిమందికి పైగా పొట్టన బెట్టుకొనినవి.

మన పంచాంగములలోని శకమే అచ్చటను వాడుక. ఆ సంఖ్య రెండు సున్నలతో ముగియు నేట జరుపవలసిన క్రతువును శకము 1884లోనే జరిపినందున దేవతలు కోపించిరని కొందఱు పలికిరి. ప్రవాహములు బెసకిహ్‌ను తాకక ప్రక్కగా సాగుట దేవతల మహిమయని మఱికొందఱు పొంగిపోయిరి. పల్లెలు కాలినచో ఆగ్రహము, గుడి నిలిచినచో అనుగ్రహము! గుడియే కాలి పల్లెలు నిలిచియుండినచో ఈ మాటలు తారుమారగునే కాని, విశ్వాసమునకు వెండ్రుకవాసి లోటు కలుగదు. ఏమి జరిగినను ఋజువగు సిద్ధాంతము, ఏమి జరుగనున్నదో చెప్పజాలదు.

కొండకు సున్నలు లెక్కించుట తెలియదు. చేతివ్రేళ్లు పదియగుటచేతనే నూఱనిన మనకు ముచ్చట. సముద్రగర్భమున భూఫలకమొకటి బాలి యడుగునకు దిగుచు నీటిని వెంట గొనిపోవగా, ఆ నీటి సంపర్కమున శిల తక్కువ వేడికే కరగి, పైకి వచ్చుకొలది ఒత్తిడి సడలి, అందలి వాయువులు పెల్లుబికి పర్వతమును చీల్చును. బరువైన బూడిదమేఘము పల్లము వెదకికొని పాఱును. గుడిని కాచినవి గట్లును లోయలును.

శకము 1900 ముగియు వేళ, 1979లో, క్రతువు శాస్త్రోక్తముగ మరల జరిగెను. అయినను 2017 సెప్టెంబరులో కొండ కదలెను. ప్రకంపనములను యంత్రములు పసిగట్టగా లక్షమందికి పైగా సురక్షితస్థలములకు చేరిరి. విస్ఫోటము వెంటనే రాలేదు; అక్టోబరు చివర హెచ్చరికను తగ్గించిరి; నవంబరు 21న అది రానేవచ్చెను, హెచ్చరికను మరల పెంచిరి. తన యంచనా తప్పినప్పుడు దిద్దుకొనుటయే ఈ అగ్నిపర్వతవిద్యకు బలము. శాంతులు చేయువారు చేయుదురు గాక. ఇల్లు విడువవలసిన గడియను మాత్రము పంచాంగము నడుగరాదు.