డ్యూటీ మారు వేళ

ఆసుపత్రిలో నర్సుల డ్యూటీ మారు వేళ రోగికి గండము వంటిదని మా అభిప్రాయము. డ్యూటీ దిగు నర్సు అలసియుండును. ఎక్కు నర్సునకు గడచిన గంటల సంగతి తెలియదు. ఏ మందు ఇచ్చినదీ, ఏది ఆపవలసినదీ, ఎవరికి జ్వరము తిరుగబెట్టినదీ ఆ కొద్ది నిమిషములలోనే చెప్పవలెను. ఒక్క మాట జారినను, ఇచ్చిన మందే మరల ఇచ్చుట సంభవించును. నింద మాత్రము ఎక్కిన నర్సుపైననే పడును! ఎంత సమర్థురాలైనను తనకు చెప్పని సంగతి ఆమె యెట్లెరుగును?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన తొమ్మిది రోగి భద్రతా సూచనలలో ఈ అప్పగింతయు ఒకటి. ప్రస్తుత స్థితి, పూర్వ వృత్తాంతము, తమ అంచనా, చేయవలసిన పని అను వరుసలో చెప్పుకొనవలెననియు, అందుకు తగిన వ్యవధి నియ్యవలెననియు అందు కలదు. అమెరికా నౌకాదళపు జలాంతర్గాములలో పుట్టిన వరుస యట! ఎచట పుట్టిననేమి, మంచిదే.

కాని మనవారి కింకొక చిక్కు కలదు. బరంపురమందో షోలాపురమందో తెలుగు ముసలమ్మ "కడుపులో దేవుచున్నది" అనిన మాట, ఆ భాష రాని నర్సు రిపోర్టు పుస్తకమున కెక్కించుసరికి వట్టి కడుపునొప్పి యగును. తరువాతి డ్యూటీకి ఆ నొప్పియే నిజమై కూర్చుండును.

అప్పగింత రోగి మంచముకడనే జరుగవలెను. ఆ పావుగంట నర్సుల జీతపు గంటలలో చేరవలెను. రోగి భాష యేదియో కేసుషీటుపై వ్రాయించుటకు మన సంఘములు ఆసుపత్రులను కోరవలెను. అంతవరకు తోడున్న బంధువులు ఆ వేళకు కాఫీకి పోక మంచముకడనే యుందురు గాక.