పదవ తరగతి పరీక్ష: పాతబస్తీ బాలబాలికలు

ఏటేట ఇంచుమించు 5 లక్షలమంది తెలంగాణ బాలబాలికలు పదవ తరగతి పరీక్షకు కూర్చుందురు. పరీక్షల ముందటి దినములలో చార్మినారు పరిసరపు గల్లీలలో తెల్లవారక మునుపే ఏ కిటికీలోనైన దీపము కనబడినచో, అచ్చట నొక పిల్లవాడు లెక్కల పుస్తకము ముందిడికొని యున్నాడని యూహింపవచ్చును. ఆ దీక్షకు మేము సంతోషించుచున్నాము. అయితే ఆ దీపమునకు చమురు పోయుటలో పెద్దలమైన మనమెంత శ్రద్ధ వహించితిమి?

2011 జనగణనలో అక్షరాస్యతయందు ఉమ్మడి రాష్ట్రపు జిల్లాలన్నింటిలో హైదరాబాదు ప్రథమస్థానమున నుండెను. 2022 పదవ తరగతి ఫలితములలో అదే హైదరాబాదు 79.63 శాతముతో కట్టకడపట నిలిచెను. సిద్దిపేట 97.85 శాతముతో అగ్రస్థాన మందెను. 2025లో రాష్ట్రమంతటి ఉత్తీర్ణత 92.78 శాతమునకు పెరిగినది, సంతోషమే. కాని విశ్వవిద్యాలయములకు నిలయమైన నగరము వెనుకబడుట బిడ్డల బుద్ధిలోపమని యెవరనగలరు?

నేటి సన్నాహ మెట్టిది? సగము సంవత్సరము గడచినపిమ్మట ఉదయసాయంకాలములందు ప్రత్యేక తరగతులు పెట్టుదురు. వెనుకబడినవారిని వేరుచేసి, దినదినమును చిన్న పరీక్షలు పెట్టి, తుదకు ప్రీఫైనల్ జరుపుదురు. సబ్జెక్టునకు నూఱు మార్కులలో 80 వ్రాతపరీక్షకు, 20 అంతర్గత మూల్యాంకనమునకు. 35 వచ్చిన గట్టెక్కినట్లే. కావున ఏ పాఠమున నెన్ని మార్కులు రాలునను లెక్కయే చదువైపోవుచున్నది. చీకటిపడువఱకు పాఠశాలలో నుండి శ్రమించు ఉపాధ్యాయులను మేము తప్పుపట్టుట లేదు. ఆఱవ తరగతిలో వాక్యమును కూడబలుకుకొనలేని బిడ్డను పదవ తరగతిలో మూడు నెలలకు తీర్చిదిద్దుమనుట ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుమనుటయే. ఎనిమిదవ తరగతి వఱకు ఎవరిని ఆపరాదని 2009 విద్యాహక్కు చట్టము దయతోనే విధించినది; ఆపకుండుటయన్న నేర్పకుండుట యని మనమర్థము చేసికొంటిమి.

ఇక భాష మాట. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయ మేర్పడి దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట ఘనకార్యమే. కాని ఇంట తెలుగు మాటలాడిన మన తాతలు బడిలో ఉర్దూలో తడబడుచు పరీక్షలు వ్రాయవలసివచ్చెను. ఆ బాధ నెఱిగిన మనము నేడు ఉర్దూ బిడ్డను తడబడనీయుట న్యాయమా? 2018 చట్టము తెలుగును పాఠశాలలలో నిర్బంధము చేసినది. 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలకు ఆంగ్ల మాధ్యమము వచ్చినది. తెలుగు ప్రతి బిడ్డకు రావలెననియే మా కోరిక. అయితే దానిని ప్రేమతో నేర్పువారు కావలెను. పరీక్షాపత్రమును ఉర్దూలో అచ్చువేసిన చాలదు. గణితమును, భౌతికశాస్త్రమును ఆ భాషలో విశదపఱచు గురువు తరగతిలో నుండవలెను.

మేము కోరునది గొంతెమ్మ కోరిక కాదు. జూన్‌లో బడి తెఱచునాటికి ఖాళీలన్నియు నింపవలెను. ఆఱవ తరగతినుండియే చదువు, వ్రాత, లెక్క పరీక్షించి లోపమున్నచోట వెంటనే దిద్దవలెను. ఒకే గదిలో ఆఱుగురు నివసించు ఇండ్ల బిడ్డలకొఱకు పాఠశాల గదులను రాత్రి యెనిమిదింటి వఱకు తెఱచియుంచవలెను. అన్నింటికంటె ముఖ్యము, తప్పినవారి సంగతి. ఫలితములు వెలువడిన మఱునాడే తప్పిన పిల్లవాడు కార్ఖానాకు, పిల్ల పెండ్లిపీటలకు పోవుట మనమెఱుగనిది కాదు. సప్లిమెంటరీ పరీక్ష జరుగువఱకు ప్రత్యేక తరగతులు ఆగరాదు. ఉపాధ్యాయుడే వారి గడప త్రొక్కి పిలువవలెను.

ప్రభుత్వమునే నమ్మి కూర్చుండుటయు తగదు. కళాశాలలలో చదువుచున్న పాతబస్తీ యువకులు, యువతులు తమ మహల్లాలో దినమున కొక్క గంట పది మంది పిల్లలకు లెక్కలు చెప్పినచో, వచ్చు ఏటి ఫలితములు వేఱుగ నుండును. తల్లిదండ్రులారా! పరీక్ష తప్పినంత మాత్రమున బిడ్డ జీవితము తప్పినది కాదు. వారి నింకొక్క మాఱు బడికి పంపుడు.