సాంస్ నలీ వేసేముందు ఇల్లు నోరు విప్పాలి

ఐసీయూలో ఉన్న మరీజ్‌ని వెంటిలేటర్ మీద పెట్టాలంటే ముందు నోట్లోంచి శ్వాసనాళంలోకి ఒక గొట్టం వేయాలి. డాక్టర్లు దాన్ని ఇంట్యుబేషన్ అంటారు. మన ఇళ్లల్లో "నలీ డాల్‌రే" అంటారు. ఆ మాట చెవిన పడగానే బయట బెంచీల మీదున్న ఖాందాన్ మొత్తం తస్బీహ్ చేతికి తీసుకుంటుంది. దుఆ చేయాల్సిందే. కానీ ఆ ఘడియలో మనకు ఇంకో జిమ్మేదారీ కూడా ఉంది. ఆ మనిషి గురించి ఇంట్లో తెలిసిన సంగతులన్నీ లోపలున్న డాక్టర్‌కి చెప్పాలి. ఈ విషయంలో మన ఇళ్లు మరీ ఖామోష్‌గా ఉంటున్నాయని నా ఫిర్యాదు. ఆ ఖామోషీ ఒక్కోసారి జాన్ మీదికి తెస్తుంది.

మామూలు ఆపరేషన్ అయితే మత్తు డాక్టర్ ముందే వచ్చి నోరు తెరిపించి చూస్తాడు, మెడ తిప్పిస్తాడు, కడుపు ఖాళీగా ఉంచమంటాడు. ఐసీయూలో ఆ మోహలత్ ఉండదు. ఆక్సిజన్ అప్పటికే పడిపోతుంటుంది, బీపీ నిలవదు, మరీజ్‌కి హోష్ ఉండదు. 29 దేశాల్లో దాదాపు మూడు వేలమంది మరీజ్‌లను గమనించిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. నలీ వేసే సమయంలో ప్రతి వందమందిలో 45 మందికి బీపీ బాగా పడిపోవడమో, ఆక్సిజన్ బాగా తగ్గడమో, గుండె ఆగడమో ఏదో ఒకటి జరిగింది. గుండె ఆగింది ముగ్గురికి. మొదటి ప్రయత్నంలోనే నలీ పడితే ఖత్రా తక్కువ. రెండోసారి, మూడోసారి అంటే అది పెరుగుతూ పోతుంది.

ఎవరికి నలీ వేయడం ముష్కిల్ అవుతుందో ముందే అందాజ్ వేయడానికి ఫ్రాన్స్ డాక్టర్లు 42 ఐసీయూల్లో వెయ్యి ఇంట్యుబేషన్లను చూసి 2013లో ఒక లెక్క తయారు చేశారు. పేరు మకోచా స్కోరు. మొత్తం 12 పాయింట్లు. అందులో 5 ఒక్క మల్లంపాటి పరీక్షకే. నోరు బాగా తెరిచి నాలుక చాపితే వెనక గొంతు ఎంత కనిపిస్తుందో చూసే పరీక్ష అది. గుంటూరు జిల్లా నుంచి అమెరికా వెళ్లిన మత్తు డాక్టర్ శేషగిరి మల్లంపాటి 1985లో దాన్ని రాశారు. దునియా అంతా ఒక తెలుగు ఇంటిపేరుతో గొంతులు కొలుస్తోంది. అయితే హోష్ లేని మనిషి లేచి కూర్చుని నోరు తెరవలేడు. అన్నిటికంటే బరువైన పాయింటే ఐసీయూలో చాలాసార్లు చేతికి అందదు.

కానీ అది మన అల్మారీలో ఉండొచ్చు. అమ్మీకి అయిదేళ్ల కింద గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిందనుకోండి. ఆ ఫైల్లో మత్తు డాక్టర్ పరీక్ష కాగితం ఉంటుంది. మల్లంపాటి ఎంతో, నలీ సులువుగా పడిందో లేదో చాలావరకు అందులోనే రాసి ఉంటుంది. మనం బిల్లులు దాస్తాం, ఎక్స్‌రేలు దాస్తాం, ఆ కాగితాన్ని రద్దీలో వేస్తాం.

మిగతా పాయింట్లలో కూడా ఇంటివాళ్లకు తెలిసినవి ఉన్నాయి. నిద్రలో సాంస్ ఆగి ఆగి రావడానికి 2 పాయింట్లు. గట్టిగా ఖర్రాటే పెట్టి, హఠాత్తుగా ఆగి, ఉలిక్కిపడి లేచే మనిషిని రోజూ చూసేది ఇంటివాళ్లే. అబ్బాజాన్ ఖర్రాటే గురించి నవ్వుతూ చెప్తాం. అమ్మీ గురించి, భాభీ గురించి చెప్పాలంటే షరం. ఔరత్ ఖర్రాటే పెడుతుందంటే బేఇజ్జతీ అనుకుంటాం. డాక్టర్ ముందు ఈ పర్దా దేనికి?

నోరు మూడు సెంటీమీటర్లు, అంటే దాదాపు రెండు వేళ్ల వెడల్పు, తెరుచుకోకపోతే 1 పాయింట్. గుట్కా, వక్క ఏళ్లతరబడి నమిలి దవడ బిగుసుకుపోయినవాళ్లు మన గల్లీల్లో తక్కువేం కాదు. పెద్ద లుఖ్మా నోట్లో పట్టడం లేదంటే అది చెప్పాల్సిన సంగతే. మెడ సరిగ్గా తిరగకపోతే 1. కదిలే పళ్లు, కట్టుడు పళ్లు, మెడ మీద పాత ఆపరేషన్ మచ్చ ఈ స్కోర్లో లేవు, అయినా చెప్పాలి.

దాఢీ సంగతి కూడా సాఫ్‌గా మాట్లాడుకుందాం. నలీ వేసేముందు మాస్క్‌తో ఆక్సిజన్ ఇస్తారు. ఒత్తుగా గడ్డం ఉంటే మాస్క్ అంచుల్లోంచి గాలి పోతుంది. చిన్న గడ్డపు ఎముక ఉన్నా దాఢీ కింద కనిపించదు. దాఢీ ఐబ్ అని ఎవరూ అనడం లేదు. జెల్ రాసో, పారదర్శక పట్టీ అంటించో పని నడిపించే డాక్టర్లున్నారు. కొంత కత్తిరించాలి అంటే మాత్రం అక్కడ బహస్ పెట్టకండి. జాన్ ఉంటే దాఢీ మళ్లీ వస్తుంది.

ఇంకొకటి. ఆక్సిజన్ 80 కంటే తగ్గితే అదే ఒక పాయింట్. కోమా ఇంకో పాయింట్. జెద్దాలో ఉన్న పెద్దకొడుకు ఫోన్ ఎత్తేదాకా దస్తఖత్ ఆపితే మనమే ఆ స్కోరు పెంచుతున్నాం. ఎవరు ఫైసలా చేయాలో ఇంట్లో ముందే మష్వరా చేసుకోవాలి.

తప్పంతా మన మీదే వేసుకోమనడం లేదు. నేను చూసిన ఐసీయూల్లో దస్తఖత్ కాగితం ముందుకు జరిపినంత తేజ్‌గా ఎవరూ ఒక్క సవాల్ అడగలేదు. ఆఖరి పాయింట్ నలీ వేసే మనిషి మీదే ఉంటుంది. మత్తు డాక్టర్ కాకపోతే 1. "ఎవరు వేస్తున్నారు సార్? వీడియో లారింగోస్కోప్ ఉందా?" అని అదబ్‌తో అడగడం మన హక్. 2023లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో వీడియోతో మొదటిసారే నలీ పడింది వందలో 85 మందికి, మామూలు పరికరంతో 71 మందికి.

స్కోరు తఖ్దీర్ కాదు. తక్కువున్నా ముష్కిల్ కావచ్చు, ఎక్కువున్నా సులువుగా పడొచ్చు. ముందే తెలిస్తే అనుభవమున్న చేతిని పిలుస్తారు, సామాన్ సిద్ధం చేసుకుంటారు. అందుకే ఈ జుమా లోపు ఇంట్లో పెద్దల పాత ఫైళ్లు తీయండి. ఖర్రాటే, నోరు, మెడ, పళ్లు, పాత ఆపరేషన్లు ఒక కాగితం మీద రాసి ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డుల పక్కన పెట్టండి. ఎవరికైనా ఆపరేషన్ అయితే, "నలీ వేయడం కష్టమైందా? అయితే రాసివ్వండి" అని డిశ్చార్జ్ రోజే అడగండి. ఆ కాగితం మనవాళ్ల సాంస్ కోసం మన దగ్గరున్న అమానత్.