ప్రొస్టేట్ క్యాన్సర్ వ్యాప్తిని పసిగట్టే పెట్ స్కాన్ - ఆస్ట్రేలియా అనుభవం

ప్రొస్టేట్ క్యాన్సర్ నిర్ధారణ అయిన రోగికి శస్త్రచికిత్స చేయాలా, రేడియేషన్ ఇవ్వాలా అని నిర్ణయించే ముందు, వ్యాధి ఆ గ్రంథికే పరిమితమై ఉన్నదా, లేక శోషరస గ్రంథులకు, ఎముకలకు వ్యాపించినదా అన్నది తేలవలసి ఉంటుంది. దశాబ్దాలుగా ఇందుకు సీటీ స్కాన్, బోన్ స్కాన్‌లే ఆధారం. కొద్ది మిల్లీమీటర్ల గడ్డలను ఇవి తరచుగా పట్టుకోలేవు. ఫలితంగా, వ్యాధి అప్పటికే వెలుపలికి పాకిన వారిలో కొందరు సైతం గ్రంథిని తొలగించే పెద్ద శస్త్రచికిత్స చేయించుకొని, మూత్రంపై అదుపు తప్పడం వంటి బాధలను భరించవలసి వచ్చేది.

ఈ క్యాన్సర్ కణాల ఉపరితలంపై పి.ఎస్.ఎం.ఏ. అనే ప్రోటీన్ అధికంగా ఉంటుంది. దానికి అంటుకొనే అణువుకు స్వల్ప పరిమాణంలో రేడియోధార్మిక పదార్థాన్ని జోడించి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అది చేరిన చోటు పెట్ చిత్రంలో వెలుగుతుంది.

ఆస్ట్రేలియాలోని 10 ఆసుపత్రులలో, వ్యాధి తీవ్రత రీత్యా అధిక ప్రమాదం గల 302 మందిపై చికిత్సకు ముందు జరిపిన ‘ప్రోపీఎస్ఎంఏ’ అధ్యయనం ఫలితాలు 2020లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెలువడ్డాయి. కొత్త స్కాన్ కచ్చితత్వం 92 శాతం కాగా, పాత పరీక్షలు రెండూ కలిపి 65 శాతమే. కొత్త స్కాన్ దరిమిలా 28 శాతం మందికి, పాత పరీక్షల దరిమిలా 15 శాతం మందికి చికిత్స ప్రణాళిక మారింది. శరీరానికి తగిలే రేడియేషన్ సైతం సగానికన్నా తక్కువ కావడం గమనార్హం. అయితే ఈ అధ్యయనం ప్రధానంగా కొలిచినది కచ్చితత్వాన్నే గాని ఆయుర్దాయాన్ని కాదు. వార్తలలో ఈ రెండూ ఒకటిగా కలిసిపోవడం కద్దు.

అంతవరకు చాలామంది రోగులు సొంతంగా భరిస్తూ వచ్చిన ఈ స్కాన్‌ను ఆ దేశ ప్రభుత్వం 2022 జూలై 1 నుండి మెడికేర్ పథకంలో చేర్చింది. మధ్యస్థ, అధిక ప్రమాదం గల వారి తొలి పరీక్షకు, చికిత్స అనంతరం వ్యాధి తిరగబెట్టిన వారికి మాత్రమే అప్పట్లో ఇది వర్తించింది. ఈ పరిమితి సమంజసమే. పక్కటెముకలలోని హానిలేని మచ్చలు కూడా ఒక్కొక్కప్పుడు చిత్రంలో వెలిగి వైద్యులను తికమక పెడతాయి.

రాయితీ వచ్చినంత మాత్రాన దూర ప్రాంతాలకు స్కాన్ చేరదు. స్కాన్‌లో వాడే గాలియం-68 ప్రతి 68 నిమిషాలకు సగం హరించిపోతుంది. కనుక దానిని ఆసుపత్రిలోనో, సమీపంలోనో తయారు చేసుకోవాలి. ఫ్లోరిన్-18కు ఈ వ్యవధి దాదాపు 110 నిమిషాలు. సైక్లోట్రాన్ గల నగరం నుండి కొన్ని గంటల ప్రయాణ దూరంలోని ఆసుపత్రులకు దీనిని పంపవచ్చు. అంతకు ఆవల ఉన్న రోగి మాత్రం నగరానికి రాక తప్పదు.