కివీ తీగకు చలి ఏదీ?

పంజాగుట్ట నిమ్స్‌లో రోగిని చూడ్డానికి వెళ్లేవాళ్ల సంచుల్లో ఒకప్పుడు బత్తాయిలూ ఆపిల్సూ ఉండేవి. ఇప్పుడు వాటికి తోడు కివీలు. డెంగీ జ్వరాల కాలంలోనైతే ఇక చెప్పనక్కర్లేదు. అంత ఖరీదు పెట్టి కొనే బదులు 'ఆ మొక్కేదో మన కుండీలోనే పెంచితే పోలా' అనిపించడం సహజమే!

మొలిపించడం కష్టమేం కాదు. పండులోని నల్లటి గింజల్ని కడిగి, తడిగుడ్డలో చుట్టి కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచి నాటితే మొలకలొస్తాయి. చిక్కంతా ఆ తర్వాతే. కివీలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. గింజతో వచ్చినది ఏదో పూత వచ్చేదాకా తెలియదు. ఆ పూతకు అయిదారేళ్లు పట్టొచ్చు.

అంతకన్నా పెద్ద అడ్డంకి చలి. మార్కెట్లో ఎక్కువగా దొరికే హేవార్డ్ రకం పూతకు రావాలంటే, చలికాలంలో 7 డిగ్రీల లోపు వాతావరణం సుమారు 700 నుంచి 800 గంటలు కావాలి. అంటే రాత్రీ పగలూ కలిపితే నెల రోజులన్నమాట. అమీర్‌పేట పక్కనే ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రం నమోదు చేసిన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అదీ 1946 జనవరిలో! మామూలు డిసెంబరు రాత్రి 14, 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఇక మే ఎండకు లేత ఆకులు మాడిపోతాయి. మనకన్నా చల్లనైన బెంగళూరులోనే 1960లో లాల్‌బాగ్‌లో నాటిన కివీలు చలి చాలక కాయలేదు. 1963లో సిమ్లాలో నాటాకే ఈ తీగ మనదేశంలో నిలదొక్కుకుంది. కాబట్టి 'కుండీలోనే కాస్తుంది' అన్న ప్రకటన చూసి డబ్బు పోసేముందు కాస్త ఆలోచించండి.

మరి దాని బదులు? మన జామ ఉందిగా! వంద గ్రాముల కివీలో సి విటమిన్ 90 మిల్లీగ్రాముల దాకా ఉంటే, జామలో 200 పైమాటే. కివీతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయనడానికీ గట్టి ఆధారం లేదు. డెంగీలో ముఖ్యం ద్రవాహారం, వైద్యుల పర్యవేక్షణ.

జామలో అలహాబాద్ సఫేదా, లక్నో-49 అంటుమొక్కలు కుండీకి అనువు. 18 అంగుళాల తొట్టి తీసుకుని అడుగున రంధ్రాలు పెట్టాలి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. రోజుకి ఆరుగంటల ఎండ తప్పనిసరి. పక్క భవనం నీడ పడే బాల్కనీ కన్నా డాబానే మేలు. కోత అవగానే కొమ్మల చివర్లు కత్తిరించండి. జామ పూసేది కొత్త చిగుళ్లపైనే. పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రంపూట చల్లాలి. వానాకాలంలో పండుఈగ బెడద ఎక్కువ. కాయలకు కాగితం సంచులు తొడిగితే చాలు.

అంటుమొక్క అయితే రెండో ఏటికే కాయలు చేతికొస్తాయి. పిల్లలు అడిగితే కివీ గింజలూ నాలుగు మొలిపించండి, తప్పులేదు. కాయల ఆశ మాత్రం జామ మీద పెట్టుకోండి!