అల్లం కొమ్మా, వేరా?
పచారీ కొట్టులో శొంఠినీ పసుపునూ కొమ్ముల లెక్కన అడిగే తెలుగువారి వాడుక, ఇంగ్లిషు ‘జింజర్’ పుట్టుకపై సాగే చర్చలో ఎవరూ పిలవని సాక్షి. తమిళంలో ‘ఇంజి’గా, మలయాళంలో ‘ఇంచి’గా నేటికీ నిలిచిన ప్రాచీన ద్రావిడ పదానికి ‘వేరు’ చేరి ఆ మాట మూలరూపం ఏర్పడిందనీ, అదే పాళీలో ‘సింగివేర’, గ్రీకులో ‘జింగిబెరిస్’, లాటిన్‌లో ‘జింజిబెర్’ అవుతూ ఐరోపా చేరిందనీ పండితులు ఎక్కువగా అంగీకరిస్తారు. సంస్కృతం మాత్రం దాన్ని ‘శృంగవేరం’ చేసి, కొమ్ము వంటి ఒడలు గలదని అర్థం చెప్పుకుంది. పరాయి పదాన్ని తెలిసిన మాటలుగా విడగొట్టి ఇలా అర్థం కల్పించుకోవడాన్ని లోకనిరుక్తి అంటారు. అయితే దాన్ని ఉత్త పొరపాటుగా కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది. వృక్షశాస్త్రం ప్రకారం అల్లం అసలు వేరే కాదు, కణుపులూ మొగ్గలూ కలిగి నేలలో అడ్డంగా పాకే కాండం; కనుక ‘వేరు’ మాట చరిత్రకు నిజమైనా, వస్తువును సరిగా చూసింది ‘కొమ్ము’ అన్నవారే. ‘ఇంజి’తో పొత్తులేని ‘అల్లం’ అనే పేరునే వాడుకుంటున్న తెలుగు సైతం ఆ దుంపలో కొమ్మునే చూసిందంటే, శృంగవేరపు వ్యుత్పత్తి తప్పినా దాని వెనకున్న పరిశీలన తప్పలేదనే ఒప్పుకోవాలి.