పిట్టకథలు వదిలేద్దాం, మంగళం మాత్రం పాడదాం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలు మొదలుపెట్టేవాళ్ళకి మనలో కొదవలేదు. పూర్తి చేసినవాళ్ళు మాత్రం, నాకు తెలిసినంతలో, వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఒకడికి పెళ్ళి కుదురుతుంది, ఇంకొకడికి నైట్ షిఫ్ట్ పడుతుంది, మరొకడు ఊరే మారిపోతాడు. "కొన్నాళ్ళాగి మళ్ళీ మొదలెడదాంలే" అనుకుంటారు. ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ అవ్వవు. వాట్సాప్ గ్రూపులో చివరికి పుట్టినరోజు శుభాకాంక్షలే మిగుల్తాయి.

తెలియనివాళ్ళకోసం రెండు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తెచ్చిన ఆట ఇది. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర అయిపోయి, నోటితోనే ఒక కథ నడుపుతారు. తలపెట్టిన పని అయ్యిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. కథ నడిపించే మనిషి డంజన్ మాస్టరు.. మన సూత్రధారి అనుకోండి. ఇలా నెలల తరబడి సాగే కథని క్యాంపెయిన్ అంటారు.

నే చెప్పొచ్చేదేంటంటే, టైం అయిపోతోందని తెలిశాక కథని ఉన్నచోట ఆపేయడమూ తప్పే, అన్నీ చూపించేయాలని పరిగెత్తించడమూ తప్పే. మధ్యలో కోసెయ్యాలి, చివర ఉంచాలి. హరిదాసులకి ఇది బాగా తెలుసు. పొద్దుపోతే పిట్టకథలు తగ్గిస్తారు గానీ మంగళం పాడకుండా లేవరు కదా!

మేం ఆడుతున్న 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్' సంగతే చూడండి. 2016లో వచ్చిన ఈ పుస్తకం 256 పేజీలు. బరోవియా అనే పొగమంచు కమ్మిన లోయ, దాన్ని ఏలే స్ట్రాడ్ అనే రక్తపిశాచి, వాడి కోట.. ఇదీ కథ. దీనికి మూలం 1983లో ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులు రాసిన 'రేవెన్‌లాఫ్ట్'. అది కేవలం 32 పేజీలు! అందులోనూ అదే పిశాచి, అదే కోట, అదే చీట్ల జోస్యం. ఆ తర్వాత పెరిగినదాంట్లో చాలామటుకు చుట్టుపక్కల ఊళ్ళూ, గుళ్ళూ, తోటలూను. అంటే అసలు కథ చిన్నదేనని ఆ పాత పుస్తకమే చెబుతోంది.

మా బల్ల దగ్గర ఐదుగురం. శనివారం సాయంత్రం మూడు గంటలు. ఏడాదిగా నడుస్తోంది. ఈమధ్యే ఒకతనికి డాలస్ ప్రయాణం ఖాయమైంది. చేతిలో ఉన్నవి ఆరు శనివారాలు, పుస్తకంలో మిగిలింది పాతిక వారాల పని. "ఆన్‌లైన్లో ఆడుకోవచ్చుగా" అంటారేమో. కొత్త దేశం, కొత్త ఉద్యోగం, చంకలో పిల్లాడు.. మనకి సాయంత్రం ఏడంటే వాళ్ళకి పొద్దున్న. ఎన్నాళ్ళు సాగుతుంది చెప్పండి? అతని పాత్ర తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ బరోవియాకి వచ్చింది. ఏ ఊరెళ్ళినా అతను అడిగే మొదటి ప్రశ్న అదే. దానికి జవాబు దొరక్కుండానే విమానం ఎక్కిస్తే, ఏడాదిపాటు దేనికోసం ఆడినట్టు?

కాబట్టి సూత్రధారి మొదట లెక్కపెట్టాల్సింది ఆటగాళ్ళ ప్రశ్నల్ని, అధ్యాయాల్ని తర్వాత చూసుకోవచ్చు. మా దగ్గర మూడే తేలాయి. తమ్ముడేమయ్యాడు? స్ట్రాడ్ కన్నేసిన ఇరీనా బతికి బయటపడుతుందా? స్ట్రాడ్ చస్తాడా? వీటితో సంబంధం లేనిదంతా పిట్టకథే.

రెండోది, కలిపెయ్యడం. స్ట్రాడ్‌ని ఎదిరించడానికి పనికొచ్చే మూడు వస్తువులు ఎక్కడున్నాయో చీట్ల జోస్యంలో తెలుస్తుంది. జోస్యం ఇంకా కాకపోతే చీట్లు మీరే ఎంచి పెట్టుకోండి. అయిపోయిందా, స్ట్రాడ్ మనుషులు వాటిని ముందే కోటకి తరలించారని చెప్పండి. వాడేమైనా చేతులు కట్టుకు కూర్చునే రకమా! తమ్ముణ్ణి కూడా నేను కోటలోనే, స్ట్రాడ్ సేవలో పెట్టేశాను. ఒక్క తలుపు తీస్తే రెండు ప్రశ్నలు ఎదురుగా నిలబడతాయి.

మూడోది లెవెల్స్. ఈ కథలో పాత్రలు 1 నుంచి 10వ లెవెల్ దాకా ఎదగాలి. ఎన్నింటిని చంపారో లెక్క కట్టకుండా, కథలో ఒక మజిలీ దాటినప్పుడల్లా లెవెల్ ఇచ్చే పద్ధతి ఈ ఆటలోనే ఉంది. "మూడు వారాలు గడిచాయి" అని ఒక్క వాక్యం చెప్పి రెండు లెవెల్స్ ఇచ్చెయ్యండి. ఒక్క పాటలో కోటీశ్వరుడైపోయిన హీరోలని చూసి పెరిగినవాళ్ళం, మనకిది కొత్తా :)

నాలుగోది, ఆఖరి శనివారంలో ఒక గంట అట్టేపెట్టండి. యుద్ధం అయ్యాక ఎవరి పాత్ర ఏమైందో వాళ్ళే చెప్పుకోవాలి. పాచికలు విసరక్కర్లేని గంట అది. టైం చాలట్లేదని చాలామంది ముందు కోసేది దాన్నే.

"తిరగడంలోనే ఉంది మజా, ఇలా కోస్తే ఆటగాళ్ళకి స్వేచ్ఛ ఏది?" అనేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. చెప్పకుండా కోస్తే అది మోసమే అవుతుంది. అందుకే మ్యాప్ బల్ల మీద పరిచి, "ఆరు వారాలే ఉన్నాయి, రెండు చోట్లకే వెళ్ళగలం, ఎక్కడికి?" అని అడిగేశాను. వాళ్ళు ద్రాక్షతోట, గాలిమర ఎంచుకున్నారు. నాకెంతో ఇష్టమైన కొండమీది గుడి ఎగిరిపోయింది. పోనీండి, ఆట వాళ్ళది కూడా.

డెడ్‌లైన్ ముంచుకొస్తే స్కోప్ తగ్గించడం మనకి రోజూ ఉండే పనే. కాకపోతే ఆఫీసులో చివర్న ఉన్నవి కోసి నెక్స్ట్ రిలీజ్‌లోకి తోస్తాం. బల్ల దగ్గర ఆ అలవాటు పనిచెయ్యదు. లేచి వెళ్ళిపోయేవాడికి నెక్స్ట్ రిలీజ్ ఉండదు.

మీ బల్ల దగ్గర కూడా ఎవరికో పెళ్ళో, ప్రాజెక్టో, వీసానో దగ్గరపడే ఉంటుంది. ఈ వారమే కేలండర్ ముందేసుకుని శనివారాలు లెక్కెయ్యండి. రెండే మిగిలాయా? రెండింట్లో అయ్యే ముగింపు కూడా ఉంటుంది, వెతకండి. ఏమంటారు?